మూరెడు రబ్బరు గొట్టం

నా చిన్నప్పుడు మా తాతయ్య కారు మూడు నెలల పాటు వణికింది. ఆ వణుకుకు కారణం నేను. మొదట్లో ఆ సంగతి నాకే తెలియదు. తెలిసిన తర్వాత నోరు విప్పలేదు. పైగా ఆ కారును బాగు చేసింది పదేళ్ళ వయసులో నేనేనని, మా ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా ఎవరో ఒకరు చెబుతుంటే నలభై ఏళ్ళు వింటూ కూర్చున్నాను. ఆ కథలో సగం అబద్ధం. మిగతా సగం ఒక మనిషికి జరిగిన అన్యాయం. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తాతయ్య అంటే మా అమ్మ నాన్న. నెల్లూరు దగ్గర విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక ఊళ్ళో డాక్టరు. మా నాన్నకు ఊళ్ళు మారే ఉద్యోగం కావడంతో, నా చదువు చెడిపోతుందని నన్ను తాతయ్య దగ్గర ఉంచారు. అరవైల మొదట్లో ఆ చుట్టుపక్కల కారున్న ఇల్లు అదొక్కటే. మద్రాసులో ఒక వకీలు వాడి వదిలేసిన నల్లటి ఇంగ్లీషు కారు అది. తాతయ్య కొనేనాటికే దానికి నాకంటే వయసెక్కువ. ఆ కారులోనే ఆయన ఒడ్డు వెంబడి జాలర్ల పాళేలన్నీ తిరిగి రోగుల్ని చూసేవాడు.

కారు నడిపేది మా డ్రైవరన్న. ఆయనదీ ఒడ్డునున్న పాళెమే. తండ్రి, అన్నలు అందరూ చేపల వేటకు వెళ్ళేవాళ్ళు. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుందని ఈయన ఒక్కడు నేల మీద మిగిలిపోయాడట. సముద్రానికి పనికిరాని కొడుకని వాళ్ళ నాయన ఎగతాళి చేసేవాడట. నెల్లూరులో లారీల దగ్గర ఉండి బండి నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ముప్పై ఏళ్ళకల్లా మా తాతయ్య దగ్గర స్టీరింగు పట్టాడు. వాళ్ళ వీధిలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఆయనే.

ఆ కారు విషయంలో డ్రైవరన్నకు ఒక గర్వం ఉండేది. ఇసుకలో నిలబడి హ్యాండిలు తిప్పి ఇంజను లేపడం కష్టం కాబట్టి, పాళేలకు పోయినప్పుడు ఇంజను ఆపేవాడు కాదు. తాతయ్య గుడిసెల్లో రోగుల్ని చూసి వచ్చేదాకా, గంటైనా సరే, నిలబడ్డ కారులో ఇంజను స్లోలో, సన్నటి చప్పుడుతో నడుస్తూనే ఉండేది. ఊరికి తిరిగి వచ్చాక మా అమ్మమ్మ ఆయనకు గ్లాసుతో మజ్జిగ ఇచ్చేది. ఆయన వెంటనే తాగడు. ఇంజను నడుస్తుండగానే గ్లాసును ముందు చక్రం మీది మడ్‌గార్డు పైన పెట్టి నన్ను పిలిచేవాడు. నేను మునివేళ్ళ మీద నిలబడి గ్లాసులోకి చూసేవాణ్ణి. మజ్జిగ తొణికేది కాదు. అప్పుడు గ్లాసెత్తి గటగటా తాగేవాడు. మా ఇద్దరికీ అది రోజూ ఉండే ఆట.

నేను ఐదో తరగతిలోకి వచ్చిన ఏడాది, బడి తెరిచిన కొత్తల్లో, సైన్సు చెప్పే మాస్టారు ఒక పాఠం మొదలుపెట్టారు. ఎత్తున ఉన్న పాత్రలోంచి దిగువనున్న పాత్రలోకి, వంచకుండా, ముంచకుండా, ఒక గొట్టంతో నీళ్ళు వాటంతటవే వచ్చేట్టు చేయవచ్చునని చెప్పారు. ఎవరైనా రబ్బరు గొట్టం తెస్తే వాళ్ళ చేతే తరగతికంతా చేయించి చూపిస్తానన్నారు. రబ్బరు గొట్టం దొరకాలంటే ఊరంతటిలో మా ఇంట్లోనే దొరకాలి. అందరూ నా వైపు చూశారు. తెస్తానని చెప్పేశాను.

తాతయ్య మందుల సంచి ముట్టుకుంటే వీపు చిట్లుతుంది. అందుకని కారు మీద పడ్డాను. బానెట్ తీసినప్పుడల్లా డ్రైవరన్న పక్కన నిలబడి చూసే అలవాటు నాకుంది. ఇంజను పక్కనుంచి బయలుదేరి బ్యాటరీ వెనక నుంచి పోయి, అద్దం తుడిచే వైపరు దాకా వెళ్ళే సన్నటి నల్ల గొట్టం ఒకటి ఉందని తెలుసు. అది వైపరు గొట్టమని ఆయనే ఒకసారి చెప్పాడు. మా వైపు వాన అంటే కార్తీకంలోనే. ఆషాఢ శ్రావణాలు మాకు ఎండాకాలానికి తోకలాంటివి. అప్పటిదాకా వైపరుతో ఎవరికి పని? ఈలోగా తిరిగి పెట్టేయవచ్చులే అనుకున్నాను. తాతయ్య గడ్డం గీసుకుని పారేసిన బ్లేడు, పెన్సిళ్ళు చెక్కుకోవడానికి నా దగ్గర ఉండేది. దాంతో ఒక మధ్యాహ్నం మూరెడు గొట్టం కోసుకున్నాను. మిగిలిన రెండు కొసల్ని బ్యాటరీ వెనక్కి తోసేశాను.

మర్నాడు బడిలో నీళ్ళు పై చెంబులోంచి కింది చెంబులోకి వచ్చాయి. మాస్టారు నా వీపు తట్టారు. ఆ గొట్టాన్ని ఇంటికి తెచ్చి నా పుస్తకాల పెట్టె అడుగున దాచుకున్నాను.

ఆ వారమే కారు వణకడం మొదలుపెట్టింది.

రోడ్డు మీద పోతున్నప్పుడు పెద్ద తేడా ఉండేది కాదు. నిలబెడితే చాలు, చలిజ్వరం వచ్చిన మనిషిలా అదిరిపోయేది. బానెట్ గడగడలాడేది. కాసేపు కొట్టుకుని చప్పున ఆగిపోయేది. మడ్‌గార్డు మీద మజ్జిగ గ్లాసు పెడితే జారి పడింది. ఆ రోజుతో మా ఆట ఆగిపోయింది.

సముద్రం ఒడ్డున బతికేవాళ్ళకు ఒక అలవాటుంది. ఏది చెడిపోయినా ఉప్పుగాలి మీదికే తోసేస్తాం. తలుపు బిగుసుకున్నా ఉప్పుగాలే, గడియారం ఆగినా ఉప్పుగాలే. ఇంజనుకూ ఉప్పుగాలే తగిలిందని ఇంట్లో అందరం నమ్మాం. డ్రైవరన్న కూడా నమ్మాడు. ప్రతి ఆదివారం పొద్దున కారును వేపచెట్టు నీడలోకి తోసి, పాత దుప్పటి పరిచి, సామాన్లు విప్పేవాడు. ప్లగ్గులు తీసి గరుకు కాగితంతో తోమేవాడు. కార్బొరేటరు విప్పి పెట్రోలులో కడిగి, దాని సన్నటి బెజ్జాల్లో కోడి ఈక దూర్చి శుభ్రం చేసేవాడు. స్లో పెంచే మరను అరచుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. మర బిగిస్తే ఇంజను ఆగకుండా ఉండేది కానీ మద్దెల వాయించినట్టు అరిచేది. వదిలితే ఆగిపోయేది. సాయంత్రానికి చేతులు కడుక్కుని, ఉప్పు వదలాల్సిందే గానీ మనం ఏం చేస్తాములే అని గొణుక్కుంటూ సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు.

నాకు అనుమానం రాలేదని చెప్పను. గొట్టం కోసిన వారమే కారు చెడిందన్న సంగతి రాత్రి పడుకున్నప్పుడు గుర్తొచ్చేది. వైపరుకీ ఇంజనుకీ సంబంధమేముంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ ప్రశ్న ఎవరినైనా అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది. అడిగితే ఎందుకడిగావంటారని అడగలేదు.

శ్రావణం చివర్లో ఒక పాళెంలో కాన్పు కష్టమైంది. ఆ అమ్మాయిని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలని తాతయ్య కారులో పడుకోబెట్టించాడు. దారిలో కాలువ వంతెన దగ్గర గేదెలు అడ్డొచ్చాయి. కారు నెమ్మదించగానే ఇంజను ఆగిపోయింది. హ్యాండిలు తిప్పి లేపితే నాలుగు గజాలు పోయి మళ్ళీ ఆగింది. మూడోసారి లేచేసరికి డ్రైవరన్న అరచేతులు చిట్లి నెత్తురొచ్చిందట. సమయానికే చేరారు, తల్లీ బిడ్డా దక్కారు. కానీ తాతయ్య ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడని భయం చూశాను.

మరుసటి వారం నెల్లూరు నుంచి ఒక మేస్త్రిని పిలిపించారు. ఆయన అరగంట అటూ ఇటూ చూసి, ట్యాంకు మూత తీసి వాసన పట్టి, ఎవరో పెట్రోలు తీసుకుని, ఆ లోటుకు కిరసనాయిలు కలుపుతున్నారన్నాడు. ఎవరు కలుపుతున్నారో తనకు తెలియదని, డాక్టరుగారే విచారించుకోవాలని చెప్పి బస్సెక్కాడు. విచారించడానికి ఇంట్లో ట్యాంకు మూత తీసే మనిషి ఒక్కడే. తాతయ్య డ్రైవరన్నను ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆయన పద్ధతి. మాట్లాడటం తగ్గించేశాడు. అమ్మమ్మ మాత్రం మజ్జిగ గ్లాసును ఎప్పటిలా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి లోపలికి పోయేది.

డ్రైవరన్నకు అది ఎంత చెడ్డ సమయమో అప్పుడు నాకు తెలియదు. కావలిలో ఒక బస్సుల యజమాని కొత్త బస్సుకు డ్రైవరును వెతుకుతున్నాడు. లైసెన్సు ఒకటే సరిపోదు, ఇంతకుముందు పని చేయించుకున్న పెద్దమనిషి చేతి ఉత్తరం ఉండాలన్నాడు. ఆ ఉత్తరంలో ఆయన చూసేది ఒకే ఒక్క మాట, నమ్మకస్థుడు అన్న మాట. డ్రైవరన్నకు అప్పటికి ఇద్దరు పిల్లలు. దసరా లోపల ఆ ఉత్తరం రాసిస్తానని తాతయ్య వేసవిలోనే మాటిచ్చి ఉన్నాడు.

దసరాకు పది రోజుల ముందు, ఒక ఆదివారం పొద్దున తూర్పున మబ్బు పట్టింది. వానల కాలం రాబోతున్నదంటే డ్రైవరన్న ఏటా చేసే పని ఒకటుంది. అద్దం మీద చెంబెడు నీళ్ళు పోసి వైపరు తిప్పి చూసుకుంటాడు. ఆ రోజూ ఇంజను లేపి, నీళ్ళు పోసి, లోపల పిడి తిప్పాడు. వైపరు కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. నీళ్ళు అద్దం మీద నుంచి కారిపోతున్నాయి. నేను వేపచెట్టు కింద నిలబడి చూస్తున్నాను. ఆయన దిగి బానెట్ ఎత్తి, చాలాసేపు లోపలికి వంగి ఉన్నాడు. లేచినప్పుడు ఆయన కళ్ళు నా మీద పడ్డాయి. ముఖంలో కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు.

తాతయ్య గదిలోంచి కాస్త దూది పట్టుకు రమ్మన్నాడు. తెచ్చాను. అందులోంచి పోగులు లాగి నా చేతిలో పెట్టాడు. ఇంజను వణుకుతూ నడుస్తోంది.

"అబ్బయ్యా, ఈ ఇంజను నోటితో కాకుండా ఇంకో దొంగదారిన గాలి పీలుస్తుండాది. యాడ పీలుస్తుంటే ఆడికి దూది పోతాది. నువ్వే పట్టుకో చూద్దాం."

అప్పుడు అర్థమైంది నాకు. వైపరును ఆడించేది ఇంజను పీల్పేనని, గొట్టం తెగితే ఆ దారిన అక్కరలేని గాలి లోపలికి పోయి ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుందని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. చేతిలో దూది పట్టుకుని ఇంజను చుట్టూ తిరిగాను. కార్బొరేటరు దగ్గర పెట్టాను. గొట్టాలన్నీ కలిసేచోట పెట్టాను. కిందికి వంగి మరల దగ్గర కూడా పెట్టాను. దూది ఎక్కడా కదల్లేదు. డ్రైవరన్న తొందర పెట్టలేదు. ఇంకా చూడు, ఇంకా చూడు అంటూ నిలబడ్డాడు. చివరికి నా మణికట్టు పట్టుకుని, మెల్లగా బ్యాటరీ వెనక్కి తీసుకుపోయాడు. దూది నా వేళ్ళలోంచి ఎగిరి, తెగిన గొట్టం నోటికి అతుక్కుని, లోపలికి మాయమైంది.

ఆ నోటిని బొటనవేలితో మూయమన్నాడు. మూశాను. లోపలినుంచి ఏదో చంటిపిల్ల పాలు తాగినట్టు నా వేలిని పట్టి లాగింది. అంతే. మూడు నెలలుగా గడగడలాడిన ఇంజను ఒక్కసారిగా సర్దుకుంది. చెట్టు మీద కాకి అరుపు వినిపించేంత నెమ్మదిగా, గుర్రుమంటూ, పాత చప్పుడు. డ్రైవరన్న కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆ చప్పుడుకి తాతయ్య బయటికి వచ్చాడు. మూడు నెలల తర్వాత ఆ శబ్దం వినగానే ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టుంది. దగ్గరికి వచ్చి చూస్తే, ఇంజనులో మోచేతి దాకా చెయ్యి పెట్టి నేను కనిపించాను. ఎవరు కనిపెట్టారని అడిగాడు.

"అబ్బయ్యే సార్," అన్నాడు డ్రైవరన్న. "దూది పెట్టి పట్టుకున్నాడు."

తాతయ్య నా తల నిమిరాడు. అమ్మమ్మను కేకేసి పిలిచాడు. నా వేలు ఇంకా ఆ గొట్టం మీదే ఉంది. తీస్తే ఇంజను మళ్ళీ వణుకుతుందని తీయలేదు. అప్పుడాయన, గొట్టం ఎట్లా తెగిందని అడిగాడు. ఆ ప్రశ్న డ్రైవరన్నను అడిగాడు. డ్రైవరన్న నా వైపు చూశాడు. రెప్పపాటు కంటే కొంచెం ఎక్కువసేపు చూశాడు. నేను బొటనవేలి వైపు చూసుకున్నాను.

"ఎలుక కొరికినట్టుండాది సార్."

తాతయ్య వంగి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఆయన డాక్టరు. పంటి గాటు ఏదో, కత్తి గాటు ఏదో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెగిన అంచు నున్నగా, వెన్నలో దారం పెట్టి కోసినట్టుంది. మధ్యలో మూరెడు ముక్క లేదు. ట్యాంకులోంచి పెట్రోలు లాగడానికి మూరెడు రబ్బరు గొట్టం చాలు. మేస్త్రి మాట, గొట్టం లేకపోవడం, ఎలుక అన్న అబద్ధం, మూడూ ఆయన మనసులో ఒకదాని పక్కన ఒకటి కూర్చోవడం నేను ఆయన ముఖంలో చూశాను. నన్ను కాపాడటానికి చెప్పిన ఆ ఒక్క అబద్ధమే డ్రైవరన్నను దొంగను చేసింది.

"ఈ ఎలుక బ్లేడు పట్టిందిలే," అన్నాడు తాతయ్య.

నేను అనాల్సిన మాట నాలుగే ముక్కలు. గొట్టం నా పెట్టెలో ఉంది. అవి గొంతు దాకా వచ్చాయి. కానీ అమ్మమ్మ అప్పుడే వచ్చి, మా బంగారుకొండ అని నా బుగ్గలు పుణికింది. ఆ బుగ్గలతో ఆ మాట చెప్పలేకపోయాను.

తాతయ్య లోపలికి వెళ్ళి, బీరువాలో పడి ఉన్న తన పాత స్టెతస్కోపు తెచ్చాడు. చదువుకునే రోజుల నాటిది. దాని రబ్బరు గొట్టాన్ని తన చేతులతోనే కోసి ఇచ్చాడు. డ్రైవరన్న రెండు కొసల మధ్య దాన్ని తొడిగి, నూలుదారంతో బిగించి కట్టాడు. వైపరు లేచి అద్దం మీద అటూ ఇటూ ఊగింది. పెంచి ఉంచిన స్లో మరను తగ్గించి, చెవి పెట్టి విని, పావు చుట్టు మళ్ళీ తిప్పి, చాలన్నట్టు చెయ్యి తీశాడు. అమ్మమ్మ తెచ్చిన మజ్జిగ గ్లాసును తాతయ్య అందుకుని మడ్‌గార్డు మీద పెట్టాడు. మజ్జిగ తొణకలేదు. గ్లాసు తీసి నా చేతికిచ్చాడు. డ్రైవరన్న చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆ మజ్జిగ నేను తాగాను.

ఉత్తరం రాసిచ్చాడు తాతయ్య, మాట తప్పే మనిషి కాదు. ఆరేళ్ళు నా దగ్గర పని చేశాడు, బండి బాగా నడుపుతాడు, తాగుడు లేదు అని రాశాడు. నమ్మకస్థుడు అని రాయలేదు. ఆయన రాసుకునే బల్ల మీద ఆ ఉత్తరం ఒక పూట ఉంది. నేను చదివాను. ఆ మాట కోసం రెండుసార్లు వెతికాను. సాయంత్రం డ్రైవరన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, సైకిలు స్టాండు తీసి, కాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. నేను తలుపు వెనక ఉన్నాను. సైకిలు గంట మోగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కథ పెరిగింది. పదేళ్ళ పిల్లవాడు, నెల్లూరు మేస్త్రికి దొరకని జబ్బును దూది పోగుతో పట్టుకున్నాడని తాతయ్య రోగులందరికీ చెప్పాడు. వీడు ఇంజనీరవుతాడని ఆయనే నిర్ణయించాడు. నేను మోటారు ఇంజన్ల చదువు చదివి, ఒక పాలిటెక్నిక్‌లో చెప్పే పనిలో చేరాను. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు, ఇంజను స్లోలో వణికితే ముందు మరలు తిప్పవద్దని, గాలి ఎక్కడ దొంగతనంగా పోతోందో చూడమని చెబుతాను. దూది పోగు చేతిలో పెడతాను. వాళ్ళ బొటనవేలు పెట్టించి ఆ పీల్పు తెలిసేట్టు చేస్తాను. ఇంజను సర్దుకోగానే వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. మీకెవరు నేర్పారు సార్ అని ఎవరో ఒకరు అడుగుతారు. చిన్నప్పుడు నేనే కనిపెట్టానని చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ నా వేలిని లోపలినుంచి ఏదో పట్టి లాగినట్టుండేది.

పోయిన ఏడాది మా మేనల్లుడు కారు కొన్నాడు. అందరం చేరాం. మా అమ్మకు డెబ్బై దగ్గర పడ్డాయి. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ కథే మొదలుపెట్టింది. చివర్లో, ఆ డ్రైవరు గొట్టం కోసి పెట్రోలు లాగేవాడంట, పాపం పిల్లలవాడు కదా అని మీ ముత్తాత ఊరుకున్నాడు అంది. అంతమంది చిన్నపిల్లలు ఆ మాట నమ్మి తలలూపడం చూశాను. ఆ అన్యాయం ఇంకో యాభై ఏళ్ళు బతకబోతోందని తోచింది. అక్కడే, అందరి ముందూ చెప్పాను. కోసింది నేను, దాచింది నేను, కనిపెట్టింది ఆయన. అప్పుడు అమ్మ చెప్పింది, మా నాయన పోయేముందు కూడా ఆ ఉత్తరాన్ని తలుచుకున్నాడురా, నమ్మకస్థుడన్న ఆ మాట రాసి ఉండాల్సింది, ఆరేళ్ళలో వాడు నాకు చెప్పింది ఆ ఎలుక అబద్ధం ఒక్కటే అన్నాడు అని.

డ్రైవరన్న ఇంకా ఉన్నాడని, వాళ్ళ పాళెంలోనే ఉన్నాడని ఆమే చెప్పింది.

వెళ్ళాను. నా పుస్తకాల పెట్టె ఎన్ని ఇళ్ళు మారినా నాతోనే వచ్చింది. దాని అడుగునున్న గొట్టాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఇప్పుడది రబ్బరు కాదు, ఎండిన పుల్ల. డ్రైవరన్న ఇంటి ముందు పందిరి కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. తల ముగ్గుబుట్ట అయింది, చేతులు మాత్రం అవే. నేనెవరో చెప్పకముందే గుర్తుపట్టాడు. వాకిట్లో మనవడు మోటారుసైకిలు కడుగుతున్నాడు. గడపలో ఆయన భార్య కూర్చుని ఉంది. కోడలు మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది.

మజ్జిగ ముట్టుకోకుండా, గొట్టం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎండకు పట్టి చూసి, మోచేతి నుంచి వేళ్ళ దాకా ఆనించి కొలిచి, నవ్వాడు.

"సరిగ్గా మూరెడే. ఇన్నాళ్ళూ దాచిపెట్టినావా అబ్బయ్యా?"

నీకు తెలుసా అని అడిగాను. తెలియకేం అన్నాడు. ఆ ఇంట్లో బ్లేడు పట్టేది ఇద్దరే, ఒకరు మీ తాత. అదీ కాక దూది ఇచ్చి చూసినా కదా అన్నాడు.

"ఇంజనంతా తిప్పినావు దూదిని. అన్ని చోట్లా పెట్టినావు, ఆ ఒక్క చోట తప్ప."

మరి ఎందుకు చెప్పలేదన్నా అంటే, నువ్వే చెప్తావని చూసినా అన్నాడు. ఆ పొద్దున నేను చెబుతాననుకున్నాడట. ఉత్తరం తీసుకున్న సాయంత్రం, అప్పుడైనా చెబుతానని వాకిట్లో కాసేపు నిలబడ్డాడట. తర్వాత కావలి బస్సెక్కాడట. ఉత్తరంలో ఆ ఒక్క మాట లేదని అక్కడ డ్రైవరుగా తీసుకోలేదు, మూడేళ్ళు క్లీనరుగా చేశాడు. ముప్పై దాటిన మనిషి, మీసాలు రాని పిల్లలతో కలిసి బస్సు పైకెక్కి మూటలు కట్టాడు. మూడేళ్ళ తర్వాత ఒక రోజు డ్రైవరుకు జ్వరమొస్తే స్టీరింగు చేతికిచ్చారు, మళ్ళీ దిగమనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపాడు. నా బస్సు నిలబడితే ఎవురికీ చప్పుడు తెలిసేది కాదు అని, మనవడి వైపు చూస్తూ కొంచెం గట్టిగానే అన్నాడు. ఆ మనవడు నెల్లూరులో లారీ షెడ్డులో మేస్త్రి అట. దూదితో గాలి దారి పట్టడం వాడికీ వచ్చట.

ఇంత తేలిగ్గా చెబుతున్నాడు కదా, ఇక నేను చెప్పేదేముందిలే అని ఒక క్షణం అనిపించింది. అంతలో ఆయన గడప వైపు చూపించి, గొంతు తగ్గించాడు.

"నేను మరిచిపోయినా గానీ, మా యామె మరవలా. డాక్టరంతటోడు ఊరికే అనుకుంటాడా అని, కోపమొచ్చినప్పుడంతా దెప్పతానే ఉండాది. నేనెంత చెప్పినా నమ్మలా. నువ్వు నాకు చెప్పబన్లేదు, ఆమెకు చెప్పు. కొంచెం గట్టిగా చెప్పు, చెవులు సరిగా వినపడవు."

లేచి గడప దగ్గరికి వెళ్ళి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. మనవడు నీళ్ళ గొట్టం కట్టేసి ఇటు తిరిగాడు. పదేళ్ళప్పుడు నాలుగు ముక్కలుగా గొంతులో ఆగిపోయిన మాటను, వాకిలంతా వినిపించేట్టు చెప్పాను.

"అమ్మా, ఆ గొట్టం కోసింది నేను. అన్న చుక్క పెట్రోలు ముట్టుకోలేదు. అన్న మీద మాట పడుతుంటే పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. అన్న నమ్మకస్థుడు. తప్పు నాది. నన్ను క్షమించండి."